ఉప్పునీళ్ళ కొళాయి

పోయినవారం మనం సెలీనాను ఒక చేపల తొట్టి ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

చదవనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి కదా. కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో, గనులు మూతపడ్డాక కూడా జనం వదిలిపోని గని కూలీల పాత లైను ఇళ్ళలో ఒకదాంట్లో సెలీనా కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, జాకెట్లు కుడుతుంది. మొగుడు ఫ్రాంక్లిన్‌కు ఓడలో పని. ఆరు నెలలకో, ఏడాదికో వస్తాడు, నాలుగు రోజులుంటాడు, పోతాడు. ఈసారి అతను వచ్చేసరికి ఇంట్లో సముద్రం కనబడాలని ఆమెకు ఒక పిచ్చి కోరిక పుట్టింది. రాబర్ట్‌సన్‌పేటలో సుబ్బరాయప్ప పాత సామాన్ల అంగడికి పోయి, మూల పగిలితే అతికించిన అద్దాల తొట్టి, బుడగలు వదిలే మోటారు, ఒక ట్యూబులైటు, గోనెసంచిలో తెల్లటి ఇసుక, ఒళ్ళంతా బొక్కలున్న రాయి, బకెట్టు నీళ్ళలో రెండు నారింజరంగు చేపలు, అన్నీ కలిపి గీచి గీచి బేరమాడి తెచ్చుకుంది. "ఇది ఉప్పునీళ్ళ తొట్టమ్మా. మంచినీళ్ళు పోస్తే చేపలు చస్తాయి, ఇంగ నన్ను అడగొద్దు" అని సుబ్బరాయప్ప ఒక్క మాట చెప్పి చేతులు దులుపుకున్నాడు. ఆ మాటను ఆమె ఉన్నదున్నట్టు ఫ్రాంక్లిన్‌కు అప్పజెప్పింది. అతను శుక్రవారం సాయంత్రం తొట్టి నింపాడు. శనివారం పొద్దున చూస్తే చేపలు రెండూ ఇసుక మీద పక్కకు ఒరిగి నోళ్ళు తెరుస్తూ, మూస్తూ ఉన్నాయి.

సెలీనాకు ఏమీ అర్థం కాలేదు. సముద్రం మీద తిరిగే మనిషి స్వయంగా నింపిన తొట్టి. మోటారు తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. ఇంక ఏం లోటు వచ్చింది వీటికి?

"ఏమప్పా, ఇవి ఇట్లా పండుకొనుండాయే" అంది.

ఫ్రాంక్లిన్ గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే చూశాడు. "కొత్త చోటు కదా మే. అలవాటు పడతాయిలే. ఓడెక్కిన కొత్తలో నేనూ ఇట్లే పండుకొన్నాను."

అది విని ఆమె నవ్వింది. నవ్వాక మళ్ళీ చేపల వైపు చూసింది. ఒకటి తోక కూడా ఆడించడం మానేసింది.

సరిగ్గా అప్పుడే ఎవాంజలిన్ టీచరు గుమ్మంలోకి వచ్చింది. రిటైరై, ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి కూనూరు వెళ్ళిపోతున్న మనిషి ఆమె. తొట్టి ఆమెదే. సామానంతా సుబ్బరాయప్పకు తూకానికి వేసి, తీరా ఇల్లు సర్దుతుంటే తొట్టికి కావలసిన ఒక పొట్లం, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా అలమరలో మిగిలిపోయి కనబడ్డాయట. కొన్నవాళ్ళ ఇల్లు కనుక్కుని, ఎండలో నడుచుకుంటూ వచ్చింది. లోపలికి వస్తూనే చెప్పులు కూడా విడవకుండా తొట్టి దగ్గరికి పోయింది.

"ఏ నీళ్ళు పోసినారు?"

"ఉప్పునీళ్ళే టీచరమ్మా" అన్నాడు ఫ్రాంక్లిన్, సబ్బు నురగ తుడుచుకుంటూ.

"యాడివి?"

"మన కొళాయివే."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. బయటి ఊళ్ళవాళ్ళకు ఇది తెలియదు. కోలారు జిల్లాలో పుట్టినవాళ్ళకు నీళ్ళు రెండే రకాలు. మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు. మంచినీళ్ళు తాగేవి, అవి ఎప్పుడొస్తాయో దేవుడికి తెలియాలి. ఉప్పునీళ్ళంటే బోరు నీళ్ళు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ప్రతి లైనులోనూ ఉప్పునీళ్ళ కొళాయి ఒకటి ఉంటుంది, పొద్దస్తమానం కారుతుంటుంది. ఇక్కడ ఉప్పునీళ్ళు తెమ్మంటే పసిబిడ్డ కూడా బిందె ఎత్తుకుని ఆ కొళాయి దగ్గరికే పోతుంది. ఫ్రాంక్లిన్ కూడా అదే చేశాడు. ఒంటిమీద చొక్కా విప్పి, బిందెలు బిందెలు మోసి, తొట్టి నిండా బోరు నీళ్ళు నింపాడు. సెలీనా పక్కనే నిలబడి చెంబందించింది.

టీచరు వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఆ తర్వాత ఆమెకు వచ్చిన నవ్వు అంతా ఇంతా కాదు. కుట్టుమిషను పట్టుకుని నిలబడి, కళ్ళద్దాలు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇది బోరు నీళ్ళప్పా. ఉప్పునీళ్ళంటే సముద్రం నీళ్ళు. సముద్రం చేపలివి. వీటికి బోరు నీళ్ళూ ఒకటే, మంచినీళ్ళూ ఒకటే" అంది. నవ్వుతూ నవ్వుతూనే ఆమె చూపు ఫ్రాంక్లిన్ మీద ఆగింది. నవ్వు తగ్గింది. "నువ్వు ఓడలో కదా పనిచేసేది?"

ఫ్రాంక్లిన్ తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "ఓడలో మాకు వేరే నీళ్ళిస్తారు టీచరమ్మా. సముద్రం నీళ్ళు ఎవురు నోట్లో పోసుకుంటారు? ఉప్పునీళ్ళనంగానే నాకు మన కొళాయే మతికి వచ్చె."

ఆ మాట ఎంత సబబుగా ఉందంటే సెలీనా తల ఊపేసింది కూడా. టీచరు మాత్రం ఊపలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, "వీటిని తెచ్చిన బకెట్టు నీళ్ళు పారబోసినారా?" అని అడిగింది.

"నీళ్ళు పారబోస్తామా టీచరమ్మా" అంది సెలీనా. ఆ జిల్లాలో ఏ ఆడదీ బకెట్టు నీళ్ళు ఊరికే పారబోయదు. వరండా కడగడానికి ఉంటాయని మూలన మూతపెట్టి ఉంచింది. చేపల అదృష్టమో, కరువు నేర్పిన అలవాటో గానీ టీచరు తొట్టిలోంచి వచ్చిన ఆ బకెట్టు ఉప్పునీళ్ళే వాటిని బతికించాయి. ఆమె, టీచరు ఇద్దరూ చెంబుతో జాగ్రత్తగా పట్టి అందులో వదిలారు, మోటారు గొట్టం కూడా అందులోకి మార్చారు. కాసేపటికి ఒక చేప నిటారుగా నిలబడింది. రెండోది దాన్ని చూసి లేచింది.

అప్పుడు టీచరు పొట్లం విప్పి చూపించింది. సముద్రపు ఉప్పు. వంటుప్పు కాదు, కల్లుప్పూ కాదు, చేపల కోసం చేసేది. బోరు నీళ్ళు తోడేసి, కాయిను వేస్తే వచ్చే శుద్ధ నీళ్ళ క్యాన్లు తెచ్చుకుని, వాటిలో ఈ ఉప్పు కొంచెం కొంచెంగా కలపాలి. ప్లాస్టిక్ డబ్బాలో ఆ నీళ్ళు పోస్తే లోపలి ముల్లు లేస్తుంది. ముల్లు పచ్చగీత మీద నిలబడాలి. రేపటిదాకా మోటారు తిరగనిచ్చి, అప్పుడు చేపలను వదలాలి. కొత్త సామాను కొనాలంటే బోలెడవుతుందని, ఉన్నదాంతోనే ఎట్లా నెట్టుకురావాలో అన్నీ ఓపికగా చెప్పి ఆమె లేచింది. వెళ్తూ వెళ్తూ సెలీనా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, "ముల్లు చూసుకోమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ చెయ్యి పట్టుకోవడమే కొంప ముంచింది. అంతదాకా సెలీనాకు చేపల మీదే ధ్యాస. ఇప్పుడు అది మొగుడి మీదికి మళ్ళింది.

ఫ్రాంక్లిన్ సైకిలు మీద క్యాన్లు తేవడానికి వెళ్ళాడు. ఆమె బోరు నీళ్ళు తోడి బిందెల్లో పోస్తూ ఆలోచించింది. ఓడలో పనిచేసే మనిషికి సముద్రం నీళ్ళంటే తెలియదా? తెలుస్తుంది. మరి కొళాయి దగ్గరికి ఎందుకు పోయాడు? ఇక్కడ పుట్టాడు కాబట్టి పోయాడు. ఊరికొస్తే నాలుక కూడా ఊరికొచ్చేస్తుంది. నేనూ అక్కడే నిలబడి చెంబందించాను కదా, నాకూ తట్టలేదు కదా. నాకెట్లా తడుతుంది, నేను సముద్రం చూశానా? అతను చూశాడు. చూసినవాడికి తట్టాలి. తట్టకపోతే? తట్టకపోతే ఏముందిలే, మతిమరుపు. ఇట్లా గానుగ చుట్టూ తిరిగినట్టు తిరిగి తిరిగి ఆమె మొదలుపెట్టిన చోటికే వచ్చింది.

అతను ఓడెక్కిన నాటి నుంచి ప్రతి ఆదివారం చర్చిలో అయ్యగారు పేరుపెట్టి ప్రార్థన చేస్తాడు. సముద్రం మీద ఉన్న మా సహోదరుడు ఫ్రాంక్లిన్‌ను తుఫానుల నుంచి కాపాడు తండ్రీ అని. జనమంతా ఆమేన్ అంటారు. అందరికంటే గట్టిగా అనేది సెలీనా. వానాకాలంలో రేకుల మీద చినుకు పడితే ఆమెకు నిద్ర పట్టదు, అక్కడ అలలు ఎట్లా ఉన్నాయోనని. మొగుణ్ణి అనుమానించడం కంటే తనకు పిచ్చెక్కిందనుకోవడమే ఆమెకు తేలికగా ఉంది.

ఫ్రాంక్లిన్ క్యాన్లు దించాడు. పెద్ద టబ్బులో నీళ్ళు పోసి, పొట్లంలోని ఉప్పు జల్లుతూ సంగటి తెడ్డుతో కలపసాగాడు. ఆమె డబ్బా ముంచి చూసింది. ముల్లు కదలలేదు. మళ్ళీ ఉప్పు, మళ్ళీ తెడ్డు. ముల్లు కొంచెం లేచింది. ఇంకొంచెం. పచ్చగీత మీదకొచ్చి నిలబడింది.

"ఈ డబ్బాను నమ్మొచ్చునో లేదో" అంది సెలీనా. గరిటెతో నీళ్ళు తీసి అతని ముందుకు చాపింది. "నువ్వే నాలుక మీద వేసి చూడు. సముద్రం ఇట్లే ఉంటాదా, ఇంగా వేయాల్నా?"

పరీక్ష పెట్టాలని అడిగిందా, మామూలుగానే అడిగిందా అంటే, ఆమెనడిగినా చెప్పలేదు.

"దానికేముంది" అని ఫ్రాంక్లిన్ గరిటె అందుకుని, మజ్జిగ తాగినట్టు గుటకేశాడు.

అంతే. కళ్ళు మూసుకుపోయాయి, మొహం వంకర్లు తిరిగింది. గరిటె కింద పడేసి గుమ్మం బయటికి పరుగెత్తి థూ థూ అని ఉమ్మేశాడు. దగ్గాడు, మళ్ళీ ఉమ్మాడు. మూతి తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, "అయ్యో దేవుడా, ఇంతుంటాదా?" అన్నాడు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో.

సెలీనా కింద పడిన గరిటె తీసుకుంది. "నన్నడుగుతావే" అంది. "నేను చూసినానా?"

ఫ్రాంక్లిన్ లోపలికి వచ్చి గోడకానుకుని కింద కూర్చున్నాడు. ఏదైనా చెబుతాడని, ఇందాకటి లాంటి సబబైన మాట ఒకటి అంటాడని, అంటే నమ్మేద్దామని ఆమె కాచుకుని ఉంది. అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

"నేను సముద్రం చూడనే లేదు సెలీనా."

"ఎప్పుడు?"

ఎంత తెలివితక్కువ ప్రశ్న. కానీ ఆమె నోటికి అదే వచ్చింది.

"ఎప్పుడూ చూడలే. బెంగళూరు దాటి పోలేదు నేను. ఓడ పని ఇప్పిస్తానన్న ఏజెంటు ఆపీసు కాడికి పోతే తాళం వేసుండాది. నా మాదిరి ఇంగా కొందరు మెట్ల మీద కూర్చొని ఏడస్తా ఉండారు. తిరిగి వచ్చేద్దామనే స్టేషన్‌కు పోయినాను. ఈడ చర్చిలో మెడలో దండేసి పంపించినారు. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టినాడు. ఏ మొగం పెట్టుకొని మళ్ళా రైలెక్కేది?"

"మరి ఇన్నాళ్ళు యాడుండావు?"

"వేమగల్లో. ఫ్యాక్టరీలో."

"ఏ వేమగల్?"

"ఎన్ని వేమగల్లుండాయి మే? మనదే. కోలారు దాటితే వచ్చేది."

సెలీనా స్టూలు లాక్కుని కూర్చుంది. తెల్లవారి బస్సెక్కితే టిఫిన్ వేళకు చేరే ఊరు. యూనిఫారాల గుడ్డ కోసం ఆమె కోలారు ఎన్నిసార్లు పోయిందో. బస్టాండులో నిలబడి ఉంటే పక్క నుంచే వేమగల్ బస్సులు పోయేవి. అందులో ఏ కిటికీ దగ్గరో ఇతను ఉండి ఉంటాడు. తను తుఫానుల గురించి భయపడుతున్న రాత్రుల్లో ఇతను ఆ వానకే, ఆ మబ్బు కిందే పడుకుని ఉంటాడు. బతికి ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు, ఎప్పుడూ క్షేమంగానే ఉన్నాడు. దానికి సంతోషపడాలా? సంతోషమూ వచ్చింది, దాని వెనకే ఆ మొహం మీద గరిటె విసరాలన్నంత కోపమూ వచ్చింది.

"సముద్రంలో ఎగిరే చేపలు చూసినానని చెప్పితివే?"

"టీవీలో చూసినాను."

"రోజూ వచ్చిపోవచ్చే. సగం ఊరు బెంగళూరికే పోయి వస్తా ఉండాది కదప్పా."

"వచ్చిపోతే ఇంగ ఓడ యాడుంటాది మే?"

ఆమెకు నవ్వొచ్చింది. ఇంత ఏడుపులోనూ నవ్వొచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. అతను తల ఎత్తకుండా చెప్పుకుపోయాడు. మొదట ఒక్క నెల అనుకున్నాడట. నెల నెలా ఇంటికి డబ్బు పంపిస్తుంటే, ఇక్కడ ఆమె తల ఎత్తుకుని తిరుగుతుంటే, ఇంకొక్క నెల, ఇంకొక్క నెల అనుకున్నాడట. అబద్ధం ఆడినవాడికంటే దాన్ని ప్రార్థనలో పెట్టినవాళ్ళు ఎక్కువైపోయారని, ఇంక దిగే దారి కనబడలేదని అన్నాడు.

సెలీనా లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. బిందెలోని బోరు నీళ్ళు కళ్ళల్లో పడి మండాయి. తువ్వాలుతో తుడుచుకుంటుండగా ఆమెకు ఒక దారి కనబడింది. పొద్దున్నుంచీ గజిబిజిగా ఉన్న బుర్రలో అదొక్కటే తేటగా కనబడింది. ఈ మనిషి ఏడు సముద్రాల అవతల లేడు. బస్సులో పోయిరాగలిగేంత దూరంలో ఉన్నాడు. అంటే ఇంటికి వచ్చేయొచ్చు. రోజూ రాత్రి ఈ ఇంట్లోనే అన్నం తినొచ్చు. ఇన్నేళ్ళూ ఆమె దేవుణ్ణి అడిగింది అదే కదా.

వచ్చి అతని ఎదురుగా కింద కూర్చుంది.

"సరే, అయిందేమో అయింది. రేపు చర్చిలో అయ్యగారికి నేను చెప్తాను. నవ్వేవాళ్ళు నాలుగు దినాలు నవ్వుతారు, ఆ పైన వాళ్ళ పని వాళ్ళకుంటాది. సోమవారం నుంచి నువ్వు ఈడ నుంచే పని మీదికి పోయి రా. నాకింగేమీ వద్దు."

ఇంత సులువుగా వదిలేస్తుందని అతను కలలో కూడా అనుకుని ఉండడు. కాళ్ళ మీద పడాలి, ఏడవాలి, కనీసం చెయ్యి పట్టుకోవాలి. అవేవీ చేయలేదు. అతని మొహం ఇందాక ఉప్పునీళ్ళు మింగినప్పటికంటే అధ్వాన్నంగా అయింది. సెలీనాకు మళ్ళీ అయోమయం. క్షమించానంటే భయపడతాడేమిటి?

"అది అయ్యేది కాదు సెలీనా."

"ఎందుకు?"

"ఆడ నేను ఫ్రాంక్లిన్ కాదు."

ఆమె అర్థం కాక చూసింది.

"కొత్తవాళ్ళను తీసుకొనేది నిలిపేసి ఉండారు అప్పుడు. కాంట్రాక్టరు కాడ మునిశంకర్ అని ఒకడు పని విడిచి చెప్పకుండా పోయినాడు. కాంట్రాక్టరు వాని గేటు కార్డు నా చేతికిచ్చి, ఇంగ నువ్వే మునిశంకర్ అనె. మొదట గేటు కాడ మాత్రమే. ఆ పైన లోపల అందరూ అదే పేరుతో పిలవబట్టిరి. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు కూడా నా నోట్లో నుంచి అదే పేరు వచ్చేసె. ఆ ఇంట్లో అక్కయమ్మ అని ముసలామె, ఆవులు పెట్టుకొని ఒక్కతే ఉంటాది. నన్ను బిడ్డ మాదిరి..."

"పేరే కదా" అంది సెలీనా. "పేరు మార్చుకుంటే ఇంటికి రాగూడదా?"

అతను జవాబు చెప్పే లోపల మంచం మీద అతని ఫోను మోగింది. దగ్గరున్నది సెలీనా. చెయ్యి చాపి తీసింది. తెరమీద పేరు చూసి ఆమెకు ఒళ్ళు జలదరించింది. అమ్మ అని ఉంది. ఫ్రాంక్లిన్ తల్లి వాళ్ళ పెళ్ళికి ముందే పోయింది. ప్రతి ఏడూ ఆత్మల పండగకు సమాధి కడిగి కొవ్వొత్తి పెట్టేది సెలీనాయే.

"ఎత్తొద్దు" అన్నాడు ఫ్రాంక్లిన్, లేవబోతూ.

ఆమె ఎత్తింది.

"శంకరా, యాడుండావప్పా?" అవతల ముసలి గొంతు, దాని వెనక ఎక్కడో ఆవు అరుపు. "సోమవారం వస్తావు కదా? నీ పెండ్లికని శశికళ వాళ్ళు చీర కొనేసినారంట. కంసాలి ఆచారి తాళి కూడా తెచ్చిచ్చి పోయినాడు. నువ్వు ఒకసారి కండ్లతో చూస్తే నాకు నిమ్మళం. ఏమప్పా, మాట్లాడవే?"

ఫ్రాంక్లిన్ నేల మీద మోకాళ్ళ మీద నిలబడి రెండు చేతులూ జోడించాడు. వద్దు అన్నట్టా, చెప్పేయ్ అన్నట్టా, అదీ ఆమెకు తెలియలేదు. పెళ్ళికి ఒప్పుకున్నావా అని సెలీనా కళ్ళతోనే అడిగింది. అతను కళ్ళు దించుకున్నాడు.

"శంకరా?" అంది ముసలామె. తర్వాత అనుమానంగా, "ఎవురది? మా శంకరుని ఫోను నీ చేతికి ఎట్లొచ్చె?"

"నేను వాళ్ళ అక్కనమ్మా" అంది సెలీనా.

"అక్కా? నాకెవురూ లేరంటాడే వాడు."

"మాటల్లేకుండా ఉన్నింటిమి. ఇప్పుడే కలిసినాము." మొగుడి మొహంలోకి సూటిగా చూస్తూ అడిగింది. "పెండ్లి ఎప్పుడో చెప్పమ్మా. ఆడపడుచును, నేను లేకుండా ఎట్లా జరుగుతాది?"